గడియారం గంట వెనక్కి తిప్పారు, నన్ను దొంగని చేశారు: ఒక పెన్‌డ్రైవ్‌తో నా అనుభవం

అమెరికాలో చాలా చోట్ల నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకి గడియారం మళ్ళీ ఒంటిగంటకి వెళ్తుంది. గంట ఎక్కువ నిద్రపోయామని అందరూ సంబరపడతారు. మర్నాడు మాలాంటి అకౌంట్స్ వాళ్ళ పని ఏమవుతుందో ఎవరికీ పట్టదు. 2025లో అది నవంబర్ 2న వచ్చింది. గొడవ ఇప్పుడే తేలింది, నా ఒళ్ళు మంట మాత్రం తగ్గలేదు. ఆ వేడిలోనే రాస్తున్నా.

తేలిగ్గా అయిపోయినవి ముందు చెప్పేస్తాను. ప్యాకింగ్ సెక్షన్‌లో పాత కంప్యూటర్ ఒకటి గంట ముందు నడుస్తోంది. డేలైట్ సేవింగ్‌కి (ఎండాకాలంలో గడియారం గంట ముందుకి జరిపే పద్ధతి) దానంతట అదే మారే స్విచ్‌ని ఎవరో ఆపేశారు, ఆన్ చేసి ఇంటర్నెట్ టైమ్‌తో సింక్ చేస్తే సర్దుకుంది. ఇంకో దాంట్లో టైమ్ జోనే తప్పు. దాన్ని వదిలేసి ప్రతిసారీ గంటని చేత్తో దిద్దుతూ వచ్చారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఇంటర్నెట్ నుంచి వచ్చే టైమ్ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రమాణ సమయంలో వస్తుంది, దాన్ని మన టైమ్‌గా మార్చేది జోన్. జోన్ తప్పుగా ఉంచి గంట దిద్దితే, సింక్ కాగానే కథ మళ్ళీ మొదటికొస్తుంది. తేడా కచ్చితంగా గంటే ఉంటే జోన్ చూడండి. పవర్ తీసినప్పుడల్లా ఏనాటి తేదీకో పోతుంటే మదర్‌బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ చూడండి.

ఇక పెన్‌డ్రైవ్ దగ్గరికొస్తాను.

మా గోడౌన్‌లో నెలాఖరు రాత్రి 12 లోపు స్టాక్ షీటు మూసెయ్యాలి. మూశాక దాన్ని ముట్టుకోకూడదు. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి, కవర్ అంటించి, సంతకం పెట్టి లాకర్లో పెడతాను. అక్టోబర్ 31 రాత్రి కూడా అలాగే చేశాను. సోమవారం ఆడిట్‌కి వచ్చినాయన కవర్ చింపి, డ్రైవ్ తన ల్యాప్‌టాప్‌కి పెట్టి, స్క్రీన్ నావైపు తిప్పాడు. ఫైలు చివరిగా మారిన టైమ్: నవంబర్ 1, రాత్రి 12:38.

"పుస్తకాలు మూశాక ఎందుకు తెరిచారు?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

తెరవలేదన్నాను. మేనేజర్ నా మొహం చూడకుండా ఐటీ కుర్రాణ్ణి పిలిపించాడు. మనవాడే, తెలుగువాడే. వచ్చి ఒకసారి చూసి, అందరి ముందూ నాతో తెలుగులో, "అన్నా, ఫైల్ టైమ్ అబద్ధం చెప్పదన్నా" అన్నాడు. మిగతావాళ్ళకి భాష అర్థం కాకపోయినా ఆ తల ఊపుడు అర్థమైంది. పదేళ్ళకి పైగా ఒక్క రూపాయి తేడా రానివ్వని మనిషిని నేను. ఇక్కడ రూపాయలు కావనుకోండి, పైసా తేడా రాలేదనే నా గొప్ప.

నా ల్యాప్‌టాప్‌లో ఉన్న అసలు ఫైలు చూపించాను: అక్టోబర్ 31, రాత్రి 11:38. సరిగ్గా గంట తేడా, మధ్యలో గడియారం మారింది, ఇంకేం కావాలి? అతగాడు ప్రాపర్టీస్ తెరిచి సెకన్లు చదివాడు. నా దాంట్లో 47, పెన్‌డ్రైవ్‌లో 48. "డేలైట్ సేవింగ్ అయితే గంటే ఉండాలి కదన్నా, ఈ సెకను ఎక్కడిది?" ఆడిటర్ ఆ సెకను రాసుకున్నాడు!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కూర్చుని చదివాను. దొరికింది ఇదీ. మా పెన్‌డ్రైవ్ ఫ్యాట్32, అంటే డ్రైవ్‌లో ఫైళ్ళు రాసిపెట్టే ఒక పాత పద్ధతి. అది గోడ గడియారం చూసి రాసుకున్నట్టు "11:38" అని మాత్రమే రాసుకుంటుంది. ఏ జోను, ఎండాకాలపు టైమా చలికాలపు టైమా, ఏమీ రాయదు. పైగా రెండేసి సెకన్ల లెక్కన రాస్తుంది. బేసి సెకను దానికి తెలీదు, 47ని 48 చేసేస్తుంది. సెకను మిస్టరీ అంతే. ల్యాప్‌టాప్ డిస్కుది ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఇంకో పద్ధతి. అది 1601 జనవరి 1 నుంచి వంద నానోసెకన్ల లెక్కన యూటీసీలోనే దాస్తుంది, కాబట్టి గడియారం ఎటు తిప్పినా చెదరదు.

ఇప్పుడు విండోస్ చేసే ఘనకార్యం చూడండి. పెన్‌డ్రైవ్‌లోని 11:38ని యూటీసీకి మార్చడానికి ఈరోజు లెక్క వాడుతుంది. మా ఈస్టర్న్ టైమ్‌లో చలికాలం తేడా అయిదు గంటలు, అంటే యూటీసీలో నవంబర్ 1 తెల్లవారుజాము 4:38. తిరిగి మనకి చూపించేటప్పుడు ఫైలు తేదీ నాటి లెక్క వాడుతుంది. ఆ తేదీకి ఇంకా డేలైట్ సేవింగే, తేడా నాలుగు గంటలు. 4:38లో నాలుగు తీస్తే 12:38. వెళ్ళేటప్పుడు ఒక కొలపాత్ర, వచ్చేటప్పుడు ఇంకో కొలపాత్ర. మధ్యలో మాయమైన గంట నా నెత్తిన పడింది.

మర్నాడు ఇదంతా చెప్పబోతే, అతగాడు నాకంటే ముందు ఇంకోటి పట్టుకొచ్చాడు. ఎక్సెల్ ఫైలు పేరు చివర జిప్ అని మారిస్తే లోపలి భాగాలు కనబడతాయి. అందులో కోర్ అనే చిన్న ఫైల్లో చివరిసారి సేవ్ చేసిన టైమ్ ఉంటుంది. నవంబర్ 1, 03:38, చివర జెడ్. "లోపల కూడా నవంబరే!" అని మేనేజర్‌కి చూపించాడు. జెడ్ అంటే యూటీసీ అయ్యా అన్నాను. సరేనని అయిదు గంటలు తీశాడు, 10:38 వచ్చింది. "చూశారా, మూడు టైమ్‌లు!" అని మళ్ళీ మొదలు. అక్టోబర్‌లో తీయాల్సింది నాలుగు, అయిదు కాదు. ఈ మాత్రం కూడిక తీసివేత రానివాళ్ళ చేతిలో కంపెనీ పాస్‌వర్డులన్నీ ఉంటాయి. వయసులో చిన్నవాడు, అనకూడదు, కానీ అంటున్నా.

అప్పుడు మాటలు ఆపి, పెన్‌డ్రైవ్‌లో ఆ ఏడాది షీట్లన్నీ ఒక పక్క, నా ల్యాప్‌టాప్‌లో అసలు ఫైళ్ళు ఒక పక్క తెరిచాను. జనవరి, ఫిబ్రవరి షీట్లు రెండు చోట్లా ఒకటే టైమ్. మార్చి నుంచి అక్టోబర్ దాకా ప్రతి ఒక్కటీ గంట తేడా. "మార్చి 9న గడియారం ముందుకు జరిగింది. ఆ తర్వాత నెలనెలా సరిగ్గా గంట ఆగి దొంగతనం చేశానా?" అని అడిగాను. ఆడిటర్ మొదటిసారి కుర్చీ ముందుకు జరిపాడు.

అంతటితో వదల్లేదు. నా ల్యాప్‌టాప్‌లోనే టైమ్ ఆటోమేటిక్‌గా సెట్ అవడం ఆపించి, తేదీ అక్టోబర్‌కి మార్పించాను. అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి కాబట్టి మనవాడి చేతులతోనే కొట్టించాను. పెన్‌డ్రైవ్ ఎజెక్ట్ చేసి మళ్ళీ పెట్టాం. అక్టోబర్ షీటు: 31, రాత్రి 11:38. ఈసారి జనవరి, ఫిబ్రవరి షీట్లు గంట వెనక్కి పోయాయి. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆఖరికి విండోస్‌లో ఉండే సర్ట్‌యుటిల్ అనే కమాండ్‌తో రెండు కాపీల ఎస్‌హెచ్‌ఏ256 హ్యాష్ (ఫైల్లో ఉన్నదాన్నిబట్టి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి కోడ్) తీశాను, అక్షరం తేడా లేదు. నిజానికి మొదట చూడాల్సింది ఇదే. ఫైల్లో ఉన్నది మారిందో లేదో చెప్పేది హ్యాష్, టైమ్ కాదు.

ఆడిటర్ "అర్థమైంది" అని ఫైలు మూశాడు. సారీ రాలేదు. మేనేజర్ లంచ్‌కి పిలిచాడు, వెళ్ళలేదు.

మీకు పనికొచ్చే మాటలు కొన్ని. నెలల తరబడి దాచే ఫైళ్ళు ఫ్యాట్32లో పెట్టొద్దు. డ్రైవ్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చండి. ఎక్స్‌ఫ్యాట్ అయినా పరవాలేదు, యూటీసీకి ఎంత తేడాతో రాసిందో అది పక్కనే నోట్ చేసుకుంటుంది. మార్చేముందు పాత పెన్‌డ్రైవ్ నుంచి ఫైళ్ళు వెనక్కి కాపీ చేసుకుంటే ఆ తప్పు గంట డిస్కులో స్థిరపడిపోతుంది, అసలు కాపీలు ఉంటే వాటినే వాడండి. ఫ్యాట్ డ్రైవ్‌కి బ్యాకప్ తీసేవాళ్ళకి, గడియారం మారగానే అన్ని ఫైళ్ళూ మారినట్టు కనబడి మొత్తం మళ్ళీ కాపీ అవుతుంటే, విండోస్‌లోని రోబోకాపీ అనే కాపీ కమాండ్‌లో డీఎస్‌టీ, ఎఫ్‌ఎఫ్‌టీ అని రెండు స్విచ్‌లున్నాయి. మొదటిది గంట తేడాని, రెండోది ఆ రెండు సెకన్ల తేడాని పట్టించుకోదు. ఐటీ వాళ్ళని అడిగితే "కొత్త డ్రైవ్ కొనండి" అంటారు, వినకండి.

2026లో గడియారం మళ్ళీ ముందుకు జరిగే రోజు మార్చి 8. ఆలోగా లాకర్లో ఉన్న డ్రైవ్‌లన్నీ మార్చమని ఐటీ వాళ్ళకి టికెట్ (పని కోరే అర్జీ) పెట్టాను. అది ఎవరి పేరు మీద పడిందో చెప్పక్కర్లేదు. స్టేటస్ ఇంకా ఓపెన్ అనే చూపిస్తోంది.