బ్యాటరీ లేని ధరకు కారు కొనాలా?

ఆరు వారాలుగా మా ఇంట్లో ఒకటే చర్చ. పన్నెండేళ్లు వాడిన డీజిల్ కారును వదిలి ఎలక్ట్రిక్ కారు తీసుకోవాలని నేను, నా భార్య అనుకున్నాము. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఈ కార్లకు రోడ్డు ట్యాక్స్‌ను, రిజిస్ట్రేషన్ ఫీజును పూర్తిగా మినహాయించడం మా ఆలోచనకు ఊతమిచ్చింది. షోరూములో కూర్చున్నాక మా ముందుకు రెండు ధరలు వచ్చాయి: బ్యాటరీతో ఒకటి, బ్యాటరీ లేకుండా ఒకటి. "బ్యాటరీకి ఇప్పుడు డబ్బు కట్టనక్కర్లేదండి, నడిపిన కిలోమీటర్లకు కట్టుకుంటే చాలు" అని అక్కడి అబ్బాయి చెప్పాడు. అప్పటిదాకా నా బెంగంతా రేంజ్ గురించే, అంటే ఒకసారి ఛార్జ్ చేస్తే కారు ఎంత దూరం పోతుందన్నదాని గురించే. ఆ మాట విన్నాక అసలు ఆలోచించవలసింది బ్యాటరీ ఎవరిది అన్న విషయమని అర్థమైంది.

రేంజ్ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది నేను భయపడినంత పెద్ద చిక్కు కాదని ఒక్క ప్రయాణంలోనే తెలిసిపోయింది. మా బావగారి కారు బ్యాటరీ సుమారు 40 యూనిట్లది, అంటే పూర్తిగా నింపితే కరెంటు బిల్లులో 40 యూనిట్లకు కొంచెం పైన పడుతుంది. కాగితం మీద దాని రేంజ్ 400 కిలోమీటర్లకు పైనే. మన దేశంలో ఆ అంకెను తేల్చే పరీక్ష రోలర్ల మీద, గంటకు 90 కిలోమీటర్లు మించని నిర్ణీత వేగాలతో జరుగుతుంది కాబట్టి, విజయవాడ హైవే మీద అదే అంకెను ఆశించడం న్యాయం కాదు. మే నెల మధ్యాహ్నం నలుగురం ఏసీ వేసుకుని, ఎల్బీ నగర్‌లో 98 శాతంతో బయలుదేరాము. పంతంగి టోల్ దాటాక బావగారు వేగం ముల్లును 100 దగ్గర నిలిపారు. సూర్యాపేటలో ఆగేసరికి తెర మీద 46 శాతం కనిపించింది. ఆ లెక్కన నిండు బ్యాటరీకి 250 కిలోమీటర్లు.

తిరుగు ప్రయాణంలో 85 దాటకుండా వచ్చాము. సూర్యాపేట నుంచి ఎల్బీ నగర్‌కు 45 శాతమే ఖర్చయింది, అది కూడా ఎత్తు ఎక్కుతూ. హైదరాబాద్ విజయవాడ కంటే దాదాపు 500 మీటర్లు ఎత్తున ఉందన్న సంగతి డీజిల్ కారు నడిపినన్నాళ్లూ నాకు పట్టలేదు. మనుషులతో, సామానుతో కలిపి పద్దెనిమిది వందల కిలోల బరువును ఆ ఎత్తుకు చేర్చడానికే రెండు యూనిట్లకు పైగా కావాలి. 40 యూనిట్ల బ్యాటరీలో అది అయిదారు శాతం. ఎత్తు కంటే వేగం మరింత తింటుంది: 80 నుంచి 100కు పెంచితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కొనాలనుకునేవారు తాము ఎక్కువగా తిరిగే దారిలో, తమ వేగంతో, ఎండ వేళ ఒకసారి నడిపి చూస్తే సొంత అంకె దొరుకుతుంది.

బ్యాటరీ యాజమాన్యాన్ని మాత్రం నడిపి తెలుసుకోలేము. 2024 సెప్టెంబరులో ఎంజీ కంపెనీ ఎలక్ట్రిక్ కారు విండ్సర్‌ను బ్యాటరీ లేకుండా 9.99 లక్షలకు, బ్యాటరీకి కిలోమీటరుకు 3.50 రూపాయల అద్దెతో ప్రకటించారు. బ్యాటరీతో కలిపి ఆరంభ ధర 13.50 లక్షలు. ఛార్జింగ్ కరెంటు ఖర్చు ఈ అద్దెకు అదనం. తేడా మూడున్నర లక్షలు కాబట్టి లక్ష కిలోమీటర్లు నడిపేసరికి అద్దె బ్యాటరీ ధరకు సమానమవుతుంది. నెలకు 800 కిలోమీటర్లు తిరిగే మాకు లక్ష పూర్తికావడానికి పదేళ్లకు పైగా పడుతుంది, కనుక మొదట చూసినప్పుడు ఇది మంచి బేరంలాగే తోచింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక నా భార్య కాగితం, పెన్ను తీసుకుని అడిగిన ప్రశ్న ఆ బేరాన్ని తలకిందులు చేసింది: "నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఉందా?" అద్దె ఒప్పందంలో నెలకు కనీసం 1,500 కిలోమీటర్లు అని రాసి ఉంటే, 800 తిరిగినా 5,250 రూపాయలు కట్టవలసిందే. అప్పుడు కిలోమీటరు అద్దె ఆరున్నర రూపాయలు దాటుతుంది, అయిదున్నరేళ్లలోనే మూడున్నర లక్షలు పూర్తవుతాయి. ఆ తర్వాత బ్యాటరీ మన పేరు మీదికి వస్తుందా, మధ్యలో కారు అమ్మితే మిగిలిన బాకీ ఎవరు తీర్చాలి, ఒక నెల వాయిదా తప్పితే ఏమవుతుంది అన్న మూడింటికీ జవాబు ఒప్పందంలోనే రాసి ఉండాలి. నోటి మాటను నమ్మవద్దని గట్టిగా చెబుతాను. రోజుకు 60, 70 కిలోమీటర్లు తిరిగేవారికి ఈ పద్ధతి సరిపోవచ్చు. మావంటి వారికి ఇది పేరు మార్చుకున్న అప్పు.

బ్యాటరీని సొంతంగా కొన్నా కాగితాల పని తప్పదు. ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ మన మార్కెట్లో బాగా కనిపించేది. మహీంద్రా తన కొత్త కార్లకు ఇచ్చే జీవితకాల వారంటీ మొదటి యజమానికే వర్తిస్తుంది, కారు చేతులు మారితే పరిమితి వస్తుంది. సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే బ్యాటరీని బాగుచేస్తారో వారంటీ పుస్తకంలో వెతకండి. ఈ అంకె ఎందుకు ముఖ్యమో అమెరికాలోని ఫీనిక్స్ నగరవాసులు 2012లో తెలుసుకున్నారు: బ్యాటరీని చల్లబరిచే ప్రత్యేక ఏర్పాటు లేని తొలి నిస్సాన్ లీఫ్ కార్లు అక్కడి ఎండలకు త్వరగా సామర్థ్యం కోల్పోయాయి, ఆ తర్వాతే ఆ కంపెనీ సామర్థ్యానికి కూడా వారంటీ ఇచ్చింది. రెంటచింతల, రామగుండం ఎండలు ఎరిగినవాళ్లం మనం. ద్రవంతో చల్లబరిచే బ్యాటరీయేనా అని అడగకుండా కొనకూడదు. వారంటీ తీరాక విడిగా బ్యాటరీ కొనాలంటే 18 శాతం జీఎస్టీ పడుతుంది, కారుతో కలిపి కొన్నప్పుడు పడేది 5 శాతమే.

వారంటీ ఆదుకోని కష్టం ఒకటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా పిన్నిగారి ఇంటి ముందు కారు నాలుగు రోజులు నీళ్లలోనే నిలిచింది. అది పెట్రోలు కారు. నీరు తీశాక సీట్ల కింద వేలు మందాన బురద పేరుకుని ఉండటం నేను చూశాను. అడుగున బ్యాటరీ ఉన్న కారుకు అదే జరిగితే ఇన్సూరెన్స్ తప్ప దిక్కులేదు. అందుకే పాలసీ విలువలో బ్యాటరీ ధర కలిసి ఉందా, నీటి నష్టానికి బ్యాటరీ కవర్ విడిగా తీసుకోవాలా అని అడిగాము. బ్యాటరీ అద్దెదైతే పరిహారం ముందు ఎవరికి చేరుతుందని కూడా అడిగాము. మొదటి రెండింటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చింది. మూడోదానికి మూడు వారాలైనా రాలేదు. కిందటి సోమవారం బ్యాటరీతో కలిపిన ధరకే అడ్వాన్సు కట్టి వచ్చాము.