మా మేనల్లుడిని బడిలోంచి స్టేషన్‌కు తీసుకపోయినప్పుడు – నా అనుభవం

మా అనంతపురం జిల్లాలో గవర్నమెంట్ స్కూల్‌కు పిల్లోళ్ళను పంపే ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలిసుండాలని రాస్తా ఉన్నా. మా మేనల్లుడు జడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. వాళ్ళ నాయన బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోతాడు, మా అక్క ఇక్కడ కూలి పనికి పోతాది, అందుకని స్కూల్ వ్యవహారాలన్నీ నేనే చూసుకుంటా. పిల్లోడి పేరు, ఊరు, స్కూలు రాయను, ఎందుకో కింద చెప్తా.

మధ్యాన్నం భోజనాలయినాక ప్లేట్లు కడుక్కునే కొళాయిల కాడ మావోడికీ క్లాస్‌లో ఇంకో పిల్లోడికీ మాటామాటా పెరిగి మావోడు తోసినాడు, ఆ పిల్లోడి నుదురు సిమెంటు గట్టు అంచుకు తగిలి చిట్లింది, కుట్లు పడినాయి. తోసింది మావోడే, అది ఎవరూ కాదనలేదు, ఆ సాయంత్రమే మా అక్కా నేనూ వాళ్ళింటికి పోయి పిల్లోణ్ణి చూసొచ్చినాం. అప్పటికి ఇది పోలీసుల దాకా పోతాదని మాకు తెలీదు. పెద్దాస్పత్రిలో కొట్లాట దెబ్బ అని చెప్తే డాక్టర్లు ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు తెలపాల్సిన దెబ్బ అని మెడికో లీగల్ కేసు కాగితం రాసేస్తారు, అది వాళ్ళ డ్యూటీ, ఆ కాగితం ఆస్పత్రిలోని పోలీస్ ఔట్‌పోస్ట్ నుంచి నేరుగా మన స్టేషన్‌కు పోతాది. అంటే స్కూలోళ్ళు కంప్లైంట్ ఇచ్చినా ఇవ్వకపోయినా పోలీసులకు సమాచారం పోయినట్టే.

మరుసటి రోజు లెక్కల పీరియడ్ జరుగుతా ఉంటే యూనిఫాంలో ఇద్దరు కానిస్టేబుళ్ళు క్లాస్ గుమ్మం కాడికే వచ్చి పేరు పెట్టి పిలిచినారు. బ్యాగు బెంచీ మీదే వదిలేసి పోయినాడు వాడు. స్కూల్ నుంచి ఇంటికి ఒక్క ఫోన్ కూడా రాలేదు, పక్కింటి పిల్లోడు సైకిల్ మీద వచ్చి చెప్తే మా అక్క చేన్లోంచి అట్లనే పరిగెత్తింది.

నాది కోర్టు రోడ్డులో జిరాక్స్ షాపు, లాయర్లు రోజూ వచ్చిపోతా ఉంటారు, తెలిసిన ఒక లాయరన్నకు ఫోన్ చేస్తే ఆయన చెప్పింది విని నాకు కోపమూ ధైర్యమూ రెండూ వచ్చినాయి. 2015 జువైనల్ జస్టిస్ చట్టం, దాని కింద వచ్చిన 2016 రూల్స్ ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, ఏ వాంగ్మూలం మీదా సంతకం చేయించుకోకూడదు, పట్టుకున్న వెంటనే తల్లిదండ్రులకు చెప్పాల, ఇరవైనాలుగ్గంటల్లోగా పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాల. పిల్లోళ్ళతో మాట్లాడే పోలీసు మామూలు బట్టల్లో ఉండాల, ఆ పని కోసం ప్రతి స్టేషన్లో ఒక చైల్డ్ వెల్ఫేర్ పోలీస్ ఆఫీసర్ ఉండాల. ఇంకో ముఖ్యమైన మాట, ఇట్లాంటి చిన్న కేసుల్లో పిల్లోణ్ణి అసలు తీసుకపోవాల్సిన పనే లేదు. ఎఫ్ఐఆర్ కూడా ఉండదు, జీడీలో, అంటే స్టేషన్ జనరల్ డైరీలో రాసుకుని, పిల్లోడి ఇంటి పరిస్థితి మీద ఒక రిపోర్టుతో బోర్డుకు పంపి, ఫలానా రోజు రండి అని ఇంట్లోవాళ్ళకు చెప్తే సరిపోతాది. ఆ 2016 రూల్స్‌లోనే ఇది స్పష్టంగా రాసి ఉంది. కనీస శిక్షే ఏడేళ్ళో అంతకుమించో ఉండే ఘోరమైన నేరాలు, పెద్దోళ్ళతో కలిసి చేసినవి, వాటికే ఎఫ్ఐఆర్ కడతారు.

స్టేషన్‌కు పోయేసరికి మావోడు రైటర్ టేబుల్ పక్కన గోడకు ఆనుకుని కింద కూచునుండాడు, చొక్కా జేబులో లెక్కల స్కేలు అట్లనే ఉంది. నన్ను చూసి అడిగిన మొదటి మాట "మామా, ఎల్లుండి ఎఫ్ఏ పరీక్ష రాయనిస్తారా" అని. నేను గట్టిగా ఏమీ మాట్లాడలేదు, "సార్, చైల్డ్ వెల్ఫేర్ ఆఫీసర్ ఎవరు సార్, ఆయనతో మాట్లాడాల" అని మాత్రం అడిగినా. ఆ మాటతోనే మాట్లాడే తీరు మారింది, కుర్చీ వేసినారు, నీళ్ళిచ్చినారు. వయసు కోసం ఆధార్ అడిగినారు, వాడి ఆధార్లో పుట్టిన తేదీ జనవరి ఒకటి అని తప్పు పడింది, అందుకని స్కూల్ నుంచి పుట్టిన తేదీ సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చినాం. చట్టంలో వయసుకు ముందు చూసేది స్కూల్ సర్టిఫికెటే, ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు కూడా 2024లో చెప్పింది. పిలిచినప్పుడు బోర్డుకు తీసుకొస్తానని మా అక్క రాసిచ్చినాక పొద్దుగూకే లోపల ఇంటికి పంపినారు.

బోర్డు అంటే కోర్టులాగా ఉంటాదని మా అక్క రాత్రంతా నిద్రపోలేదు. పోయి చూస్తే ఎత్తైన గద్దె లేదు, బోను లేదు, ఒక మామూలు గది, మేజిస్ట్రేట్ మేడం, ఆమెతో పాటు సోషల్ వర్కర్లు ఇద్దరు, అందరూ మనం కూచునే ఎత్తులోనే కూచున్నారు. కోర్టు ఆవరణలో బోర్డు నడపకూడదని రూలే ఉందంట. లాయరు ఖర్చు కూడా లేదు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ వాళ్ళే ఉచితంగా లాయర్ని పెడతారు. దీనికి 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు, పిల్లల విషయం ఏదైనా ఉంటే 1098 ఉంది.

తర్వాత పిల్లోడి ఇంటి పరిస్థితి చూసి బోర్డుకు రిపోర్టు ఇచ్చే ప్రొబేషన్ ఆఫీసర్ మేడం మా ఇంటికొచ్చింది. మంచం మీద కూచుని మా అక్క ఇచ్చిన టీ తాగి, నాయన ఎన్నాళ్ళకొకసారి వస్తాడు, పిల్లోడు ఎన్నింటికి పడుకుంటాడు, ఎవరితో తిరుగుతాడు, ఇంట్లో ఎవరైనా కొడతారా, అన్నీ నిదానంగా అడిగి రాసుకున్నది. వాడు నాయన గురించి మాతో ఎప్పుడూ చెప్పని మాటలు ఆ మేడంతో చెప్పినాడు. ఈ మొత్తం వ్యవహారంలో పిల్లోడికి నిజంగా మేలు చేసింది ఆ ఒక్క పూటే అని నా నమ్మకం, అదేదో స్కూల్లోనే ఒక కౌన్సిలర్ ఉండి చేసుంటే ఇంత దూరం వచ్చేదే కాదు.

ఈలోగా రెండు తలనొప్పులు. ఒకటి, వీడు పోలీసు కేసు పిల్లోడు, టీసీ తీసుకోండి అని స్కూల్లో చెప్పినారు. ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఏ పిల్లోణ్ణీ బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టంలో ఉంది, ఆ సెక్షన్ ప్రింటు తీసి ఇస్తే మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. రెండోది, ఎవరో మావోడి ఫోటో, పేరు పెట్టి ఊరి వాట్సాప్ గ్రూపులో తిప్పినారు. కేసులో ఉన్న పిల్లల పేరు, ఫోటో, స్కూలు ఏ రకంగా బయటపెట్టినా ఆర్నెల్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పైన పేర్లు రాయంది అందుకే. గ్రూప్ అడ్మిన్‌కు ఈ సంగతి చెప్పి తీయించినా, కానీ అప్పటికే ఎంతమంది ఫోన్లలోకి పోయిందో, దాన్నెవరు తీస్తారు.

ఆఖరికి బోర్డు మావోణ్ణి మందలించి, కౌన్సిలింగ్‌కు పొమ్మని ఆర్డర్ ఇచ్చి కేసు ముగించింది. చిన్న నేరాల విచారణ నాలుగు నెలల్లో, మరీ అయితే ఇంకో రెండు నెలల్లో అయిపోవాల, ఆ పైన సాగితే కేసే పోతాది. ఇది మచ్చగా ఉండదు, రేపు ఉద్యోగానికి అడ్డం రాదు, అప్పీలు గడువో, రూల్స్‌లో పెట్టిన గడువో దాటినాక రికార్డు కూడా తీసేయాల. ఆర్డర్ కాపీ అడిగి తీసుకుని జాగ్రత్త పెట్టినాం, మీరూ తప్పకుండా అడగండి.

పెద్ద నేరమైతే స్కూల్ దాచిపెట్టకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసీ చెప్పకపోతే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో కింద హెడ్‌మాస్టరే శిక్షకు గురవుతాడు. నేనడిగేది కొళాయి కాడి కొట్లాటల గురించి. మొన్న తల్లిదండ్రుల మీటింగులో లేచి అడిగినా, పోలీసులు గేటు కాడికి వస్తే ముందు ఇంటికి ఫోన్ చేయండి, అమ్మో నాయనో వచ్చేదాకా ఆఫీసు రూములో కూచోబెట్టండి, క్లాస్ గుమ్మం దాకా ఎవర్నీ పంపొద్దండి, ఈ మూడూ కాగితం మీద రాసి స్కూల్ కమిటీ తీర్మానం చేయండి అని. హెడ్‌మాస్టర్ సార్ తల ఊపినాడు. తీర్మానం ఇంకా రాయలేదు, వచ్చే మీటింగులో మళ్ళీ అడుగుతా.