గుమ్మడి పువ్వు మీద పురుగు

ఈసారి బతుకమ్మకు పిల్లలిద్దరినీ బడి మాన్పించి, న్యూజెర్సీ నుంచి దేవరకొండ దగ్గరి మా ఊరికి తీసుకొచ్చాను. ఎంగిలిపూల నాడు పొద్దున్నే మా అమ్మ గుమ్మడి పూలు కోస్తుంటే, ఎనిమిదేళ్ల మా బిడ్డ వెంట నడిచింది. పువ్వులో తలదూర్చి రేకులు తింటున్న పెంకు పురుగు కనపడింది. నలుపు మీద నారింజ పట్టీలు. బిడ్డ వేలు చాపింది.

"ముట్టకు బిడ్డా, పొక్కులొస్తయ్!" అమ్మ చెయ్యి పట్టి లాగింది.

"పొక్కు అంటే ఏంటమ్మా?"

ఆ మాట దానికి తెలియదు కానీ పొక్కు తెలుసు. కిందటేడు మోచేతి మడతలో మొలస్కమ్ అనే వైరస్ గుల్లలు వస్తే, అక్కడి డాక్టర్ ఒక మందు అద్ది పంపారు. మర్నాటికి నీటి పొక్కులు లేచాయి. అలా అవుతుందని ముందే చెప్పినా, ఆ రాత్రంతా నాకు టెన్షనే. తర్వాత అవి ఎండి రాలిపోయాయి. ఆ మందు కాంథరిడిన్. 1810లో ఫ్రాన్స్‌లో రోబికే అనే ఆయన దాన్ని వేరుచేసింది ఈ కుటుంబానికే చెందిన మరో పురుగు నుంచి. మొలస్కమ్‌కు వాడడానికి అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది.

"నీ చేతికి పూసిన మందు దీని ఒంట్లో ఉంటుంది" అన్నాను.

అంతే, అమ్మమ్మ కొంగు పట్టుకుంది. "అమ్మమ్మా, నాకూ పొక్కులు వచ్చాయి!" ఫోన్లో రెండు ముక్కలకు మించి తెలుగు మాట్లాడని పిల్ల, మాట మాటకూ నన్ను అడుగుతూ చెప్పుకుపోయింది. పురుగును ఒత్తితే కాళ్ల కీళ్ల దగ్గర నూనెలాంటి పసుపు చుక్కలు వస్తాయనీ, అది దాని రక్తమేననీ నేను అందించాను.

"మోకాళ్లకెల్లి కారుతదా? కంది చేన్ల నా చెయ్యికి గిట్లనే లేసినయ్" అంది అమ్మ. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

దీని పిల్ల పురుగులు నేలలో మిడత గుడ్లు తింటాయని చెప్పాను. చెప్పు తీయబోయిన అమ్మ ఆగి, తంగేడు పుల్లతో పురుగును కంచె అవతలికి తోసింది.

పురుగు కొరికిన పువ్వును చూసి బిడ్డ, "పురుగు ఎంగిలి చేసింది కదా, అందుకేనా ఎంగిలిపూలు?" అంది.

అమ్మ పకపకా నవ్వి, ఆ పువ్వునూ శిబ్బిలో వేసుకుంది.