చేపల్ని చూద్దామని వెళ్తే

హేచరీ చూపిస్తామన్నారని చేపపిల్లల మీద ఆశతో వెళ్లాను. మధ్యాహ్నం దాటినా వాటి జాడే లేదు. బస్సు దిగి ఎండలో అంత దూరం నడిచొచ్చినవాణ్ని చెప్పులు విప్పించి, కాళ్లు మందునీళ్లలో ముంచించి, చేపపిల్లల మేతకని పెంచే రోటిఫర్లనే సూక్ష్మజీవుల గదిలోకి పంపేశారు. నీళ్లలోకి గాలి ఊదే ఏరేటర్ల రొద, ముక్కు మూసుకోవాలనిపించే నీచువాసన. ఒళ్లు మండింది.

ఆపరేటర్ ఓ బీకరు ముంచి వెలుగుకు ఎత్తిపట్టాడు. నేను నలకలనుకున్నవన్నీ ఈదుతున్నాయి! ఒక్కోటీ పావు మిల్లీమీటరు అటూ ఇటూ. మైక్రోస్కోపులో చూస్తే వెనక గుడ్లు మోసుకు తిరుగుతున్నాయి.

"గుడ్లు మోసేవి తగ్గాయంటే ట్యాంకు పోతున్నట్టే సార్."

"మేత చాలకా?"

"ఎక్కువైనా అంతే."

రోటిఫర్ల మేత ఆల్గే, అంటే నీళ్లలో పెరిగే సన్నటి నాచు. తిన్న ఆల్గేలోని నత్రజని కొంతే వాటి ఒంటికి పడుతుంది. చాలావరకు అమ్మోనియాగా మళ్లీ నీళ్లలోకే వస్తుంది. నీళ్ల క్షారగుణం చెప్పే పీహెచ్ 7 నుంచి 8కి ఎక్కితే అందులో విషపు భాగం దాదాపు 10 రెట్లవుతుంది. ఆల్గే అమ్మోనియాను తింటుంది కదా, ఇంకాస్త పోస్తే సరిపోదా అనడిగాను. వెలుతురులో అది కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసి పీహెచ్‌ను పైకి నెడుతుందట. మందే విషాన్ని పెంచుతుందన్నమాట!

అందుకే ఆ పని బ్యాక్టీరియాకు అప్పగించారు. ఆ బ్యాక్టీరియా ఉండే బయోఫిల్టర్‌లో అమ్మోనియా నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుతుంది. ఆ నీళ్లు ఆల్గే ట్యాంకుకు ఎరువు. అయితే నేరుగా పోయరు, వడకట్టి క్లోరిన్ వేసి, ఆ క్లోరిన్‌ను విరిచాకే. ఒక్క ఆడ రోటిఫర్ జారినా చాలు, మగతోడు లేకుండానే గుడ్లు పెట్టి ఆల్గేనంతా ఊడ్చేస్తుంది. జపాన్‌లో ఈల్ చేపల చెరువులకు ఒకప్పుడు ఇదే పీడ. దాన్నే చేపపిల్లలకు మేతగా పెట్టొచ్చని 1960 ప్రాంతంలో గుర్తించారు.

రోటిఫర్ల ట్యాంకులో మడ్డి పట్టేందుకు వేలాడే మ్యాట్‌ను పైకి లాగితే గోధుమరంగు జిగురు కారింది. రోజూ ఉతకాలట. ఎరువులోని భాస్వరం కొంత ఆ మడ్డితోనే పోతుంది, నత్రజని కొంత మేతకని పట్టి తీసిన రోటిఫర్లతో వెళ్లిపోతుంది. ఎంత తిప్పి వాడినా ఎరువు కొత్తగా వేయక తప్పదు. ఏమీ వృథా కాదని గేటు దగ్గర గొప్పలు చెప్పినాయన ఈ మడ్డి చూశాడో లేదో!

చేపపిల్లల్ని సాయంత్రం చూపించారు. కళ్లు తప్ప ఏమీ కనబడలేదు.

"ఈ నీళ్లు కూడా ఆల్గేకేనా అండీ?"

"లేదు సార్. రోగాలు తిరిగొస్తాయి. ఇవి శుద్ధి చేసి బయటికే."