‘మేమే చూసుకుంటున్నాం’ అనకండి

ఇంగ్లండ్‌లో వైద్యమంతా ఫ్రీ అని మన దగ్గర చాలామందికి ఓ నమ్మకం. డాక్టరు, ఆపరేషన్, కాన్పు వరకూ నిజమే. కానీ మనిషి మంచాన పడి తినిపించడం, స్నానం, పక్క మీద అటూ ఇటూ తిప్పడం అన్నీ ఇంకొకరు చేయాల్సి వస్తే లెక్క మారిపోతుంది, దాన్ని సోషల్ కేర్ అంటారు, చూసేది కౌన్సిల్, అంటే స్థానిక ప్రభుత్వం, వాళ్లు ముందు అడిగేది మీ దగ్గర డబ్బెంత ఉందని. పొదుపు 23,250 పౌండ్లు దాటితే ఖర్చంతా మీదే. ఒంటరి మనిషి శాశ్వతంగా నర్సింగ్ హోమ్‌కి వచ్చేస్తే సొంతింటి విలువ కూడా కలుపుతారు. ఫీజు వారానికి వెయ్యి పౌండ్లు దాటడం మామూలే కాబట్టి, పాతికేళ్లు వాయిదాలు కట్టి కొనుక్కున్న ఇల్లు ఇలా కరిగిపోవడం నేను నర్సుగా చేసే చోట వింతేమీ కాదు.

ఆ ఖర్చు మొత్తం ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్సే పెట్టుకునే దారి ఒకటుంది. పేరు కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్, మేమంతా సీహెచ్‌సీ అంటాం. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకి, వాళ్ల అవసరాల్లో ప్రధానమైనవి ఆరోగ్యానివే అని తేలితే ఇస్తారు. ఆస్తి, ఆదాయం అడగరు. జబ్బు పేరు చూసి కూడా ఇవ్వరు, డెమెన్షియా కానీ స్ట్రోక్ కానీ, ఆ మనిషికి రోజూ ఎలాంటి సాయం ఎంత కావాలో అదే చూస్తారు. ఇంట్లో ఉన్నా, నర్సింగ్ హోమ్‌లో ఉన్నా వర్తిస్తుంది.

దీని వెనక పమేలా కాఫ్లన్ అనే ఆవిడ కేసు ఉంది. రోడ్డు ప్రమాదంలో కాళ్లూ చేతులూ పడిపోయిన మనిషి. ఎక్సెటర్‌లో ఒక వసతికి మార్చి, బతికినంతకాలం ఇదే మీ ఇల్లు అని మాటిచ్చి, తర్వాత దాన్ని మూసేస్తామన్నారు. ఆవిడ కోర్టుకెళ్లింది, 1999లో అప్పీల్ కోర్టులో గెలిచింది. ఆ స్థాయి నర్సింగ్ కౌన్సిల్ ఇవ్వగలిగినదాన్ని దాటిపోయింది, కాబట్టి బాధ్యత ఎన్‌హెచ్‌ఎస్‌దే అని తీర్పు. తమాషా ఏంటంటే, ఇవాళ్టి ఫారాలతో అసెస్ చేస్తే ఆవిడకే రాదేమో అని ఈ రంగంలో పనిచేసేవాళ్లు అనుకుంటూ ఉంటారు.

అర్హత తేల్చడానికి ముందు చెక్‌లిస్ట్. పదకొండు విభాగాలు, ఒక్కోదానికి ఏ, బీ, సీ, ఏ అంటే అవసరం ఎక్కువని. రెండు ఏలు వచ్చినా, ఐదు బీలు వచ్చినా తర్వాతి మెట్టుకి పంపుతారు, ఇంకొన్ని కలయికలు కూడా ఉన్నాయి. అక్కడ ఊపిరి, తిండి, చర్మం, కదలిక, ప్రవర్తన, మందులు అంటూ పన్నెండు విభాగాలున్న పెద్ద ఫారం పెట్టుకుని నర్సు, సోషల్ వర్కర్, కుటుంబం కూర్చుంటారు. చెక్‌లిస్ట్ అందాక 28 రోజుల్లో నిర్ణయం రావాలని నియమం, ఆలస్యాలూ మామూలే. చివరి దశలో, వేగంగా క్షీణిస్తున్న మనిషికైతే ఈ తతంగం అక్కర్లేదు, ఫాస్ట్ ట్రాక్ ఉంది, డాక్టరో నర్సో సంతకం పెడితే చాలు.

అసలు కథంతా రోజువారీ నోట్స్‌లో ఉంది. షిఫ్ట్ చివర్లో అలిసిపోయి అందరూ ఒకే మాట రాస్తారు: ప్రశాంతంగా ఉన్నారు, కేర్ అంతా ఇచ్చాం. ఆ ప్రశాంతత ఎలా వచ్చిందో రాయరు. డెమెన్షియా ఉన్న ఒక పెద్దాయన బట్టలు మార్చబోతే కొడతాడు, అది తెలిసి ఇద్దరు వెళ్తాం, ఒకరు ఆయన చిన్నప్పటి ఫుట్‌బాల్ గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు పని కానిస్తారు, వద్దంటే వచ్చేసి అరగంటాగి మళ్లీ వెళ్తాం. దెబ్బలు లేవు కాబట్టి నోట్స్‌లో గొడవ లేదు, గొడవ లేదు కాబట్టి ఫారంలో ప్రవర్తన విభాగం కిందికి పడిపోతుంది. బాగా చూసుకోవడం వల్ల కనపడని అవసరం కూడా అవసరమే అని జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది. మీటింగ్‌లో ఆ వాక్యం గుర్తుచేసేవాళ్లుంటేనే పనవుతుంది. అందుకే మా జూనియర్లకి నేను చెప్పేది, ఎంతమంది వెళ్లారు, ఎంతసేపు పట్టింది, వెళ్లకపోతే ఏమయ్యేది, మూడూ రాయండి అని.

ఇదే తప్పు మనవాళ్లు ఇంట్లో చేస్తారు. పక్క టౌన్‌లో మాకు తెలిసిన తెలుగు కుటుంబం ఒకటి, బాబుకి పుట్టినప్పటి నుంచీ ఫిట్స్, పొట్టకి ట్యూబు పెట్టి ఫీడింగ్. పిల్లలకి నియమాలు వేరు, 2016 నాటి చిల్డ్రన్స్ కంటిన్యూయింగ్ కేర్ అని పది విభాగాలతో ఇంకో పద్ధతి, స్కూలూ కౌన్సిలూ కూడా వాటా పంచుకుంటాయి. అసెస్‌మెంట్‌కి నర్సు ఇంటికొస్తే వాళ్లమ్మ టీ ఇచ్చి, అంతా బాగానే ఉందండీ, మేమే చూసుకుంటున్నాం అని చెప్పి పంపించేసింది. అర్హత లేదని ఉత్తరం వచ్చింది. ఆవిడ రాత్రంతా ఎన్నిసార్లు లేస్తుందో, నోట్లో లాలాజలం ఎన్నిసార్లు సక్షన్ చేస్తుందో, ఫిట్స్ ఆగకపోతే చెంపలోకి మందు ఎక్కించేది ఎవరో ఒక్క ముక్క చెప్పలేదు. ‘కన్నకొడుక్కి చేసేది కూడా లెక్క చెప్పుకుంటారామ్మా?’ అంది నాతో. చెప్పుకోవాలి అక్కా, ఇక్కడ చెప్పుకోవాలి.

దానికి తోడు వీసా భయం. వీసా మీద పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ భృతులు, వద్దని ఉంటుంది కదా, ఇది తీసుకుంటే రేపు పీఆర్‌కి అడ్డమేమో అని వాళ్లాయన టెన్షన్. పిల్లల డిజెబిలిటీ అలవెన్స్ లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి, నిజమే, వాటితో జాగ్రత్తగానే ఉండాలి. ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం ఆ జాబితాలో లేదు. ఏడాదికి పెద్దలకి 1,035 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌చార్జ్ కట్టి వచ్చినవాళ్లం, మన హక్కు వాడుకోవడానికి సిగ్గెందుకు? ఇన్నాళ్లూ వాళ్లకి ఆసరా ఏంటంటే విజిట్ వీసా మీద ఆర్నెల్లకి వచ్చి వెళ్లే అమ్మమ్మ. ఆవిడకి డెబ్బై దాటింది, మోకాళ్లు నొప్పులు.

డైరీ రాయమన్నాను. రాత్రి ఎన్నింటికి లేచారు, ఫిట్స్ ఎంతసేపు, ఏ మందు, ఆ మర్నాడు ఎవరు ఆఫీసు మానేశారు. స్కూల్ నర్సు దగ్గర, ఎపిలెప్సీ నర్సు దగ్గర ఉత్తరాలు తీసుకోమన్నాను. మళ్లీ అసెస్‌మెంట్ అడిగారు, ఈసారి ఆయన కూడా సెలవు పెట్టి కూర్చున్నాడు. వారంలో కొన్ని రాత్రులకి కేరర్‌ని మంజూరు చేశారు. అడిగినన్ని కాదు. మొదట్లో ఆవిడ, పరాయి మనిషి ఇంట్లో ఉంటే నిద్రెలా పడుతుందని నాకు ఫోన్ చేసేది, ఇప్పుడు చేయడం లేదు.

పెద్దవాళ్ల విషయంలో అర్హత లేదన్న ఉత్తరం వస్తే ఆర్నెల్ల లోపు పునఃపరిశీలన అడగొచ్చు, ముందు స్థానికంగా, తర్వాత ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ దగ్గర, ఆపైన ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ దగ్గర. చాలామంది మొదటి ఉత్తరానికే ఊరుకుంటారు, తెల్లవాళ్లు కూడా. వచ్చినా అది శాశ్వతం కాదు, మొదట మూడు నెలలకి, తర్వాత ఏటా సమీక్ష ఉంటుంది, అందుకని డైరీ ఆపకూడదు.

పిల్లలున్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. పద్దెనిమిది నిండగానే పిల్లల ప్యాకేజీ ఆగి పెద్దల నియమాలు మొదలవుతాయి, అదే జబ్బు, అదే ట్యూబు, కానీ ఫారం కొత్తది, వస్తుందన్న గ్యారంటీ లేదు. పద్నాలుగేళ్లకే పెద్దల టీమ్‌కి తెలియజేయాలి, పదహారుకి రిఫరల్, పదిహేడుకి సూత్రప్రాయంగా నిర్ణయం అని మార్గదర్శకాలు చెప్తాయి. ఎవరో చూసుకుంటారులే అని కూర్చుంటే జరగదు. వాళ్ల బాబుకి వచ్చే ఏడాది పద్నాలుగు. మెయిల్ డ్రాఫ్ట్ చేశాను చూడమ్మా అని నిన్ననే పంపింది, నాలుగు పేజీలుంది, కొంచెం కుదించాలి.