రెండు గీతలు

పొద్దుటి నుంచి ఒకే గ్రాఫుతో కుస్తీ. ప్రాంతాల తలసరి ఆదాయాల మధ్య తేడా ఏటా ఎలా మారిందో గీయాలి. గీస్తే గీత పైపైకి పోయింది. అసమానత పెరుగుతోందని ఒక పేరా రాసేసుకున్నాను కూడా. మధ్యాహ్నం చూసుకుంటే జనాభాను లెక్కలో వేయనే లేదు! పిడికెడు మంది ఉండే ప్రాంతమూ, కిక్కిరిసిన ప్రాంతమూ నా పట్టికలో సరిసమానం. దిద్దగానే అదే గీత కిందికి దిగింది. రాసిన పేరా చెత్తబుట్టలోకి.

కాసేపటికి తోచింది, మొదటిది తప్పేమీ కాదు. అది ప్రాంతాల సంగతి చెబుతోంది, రెండోది మనుషుల సంగతి.

ఆర్థికవేత్త జెఫ్రీ విలియమ్సన్ 1965లో జనాభాను బట్టి తూకం వేసిన కొలతనే ముందు పెట్టాడు. ఎదుగుదల తొలినాళ్లలో పెట్టుబడి, చదువుకున్నవాళ్లు, ప్రభుత్వ ఖర్చు అన్నీ ముందున్న ప్రాంతానికే చేరి తేడా పెరుగుతుందనీ, మార్కెట్లు కలిసేకొద్దీ తగ్గుతుందనీ అతని వాదన. బోర్లించిన గిన్నెలాంటి వంపు. ముచ్చటగా ఉంది కానీ, చరిత్ర గిన్నె అంచు దగ్గర ఆగదు కదా. ఇటలీలో 1950లు, 60లలో ఉత్తరానికి చేరువైన దక్షిణం 70ల తర్వాత అక్కడే ఆగిపోయింది. 1990లో ఏకమైన జర్మనీలో తూర్పు మొదటి కొన్నేళ్లు పరుగెత్తి, ఆ తర్వాత మందగించింది.

ఆర్థికవేత్తలు బారో, సాలా-ఇ-మార్టిన్ అమెరికా రాష్ట్రాలను పరిశీలించి, మిగిలిన తేడాలో ఏడాదికి సుమారు 2 శాతం చొప్పున తరుగుతుందన్నారు. కాగితం మీద వేసి చూశాను. సగం తరగడానికే 35 ఏళ్లు! ఇవాళ ఉద్యోగంలో చేరినవాడు పదవీ విరమణ చేసేనాటికి మిగతా సగం ఇంకా అలాగే ఉంటుంది. ఈ వేగాన్ని ఊరటగా చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

సాయంత్రం మరో చిక్కు తగిలింది. పేద ప్రాంతం నుంచి తక్కువ సంపాదన ఉన్నవాళ్లు వలసపోతే, అక్కడ ఒక్కరి కూలీ పెరగకపోయినా సగటు పెరుగుతుంది, తేడా తగ్గినట్టు కనిపిస్తుంది. చదువుకున్నవాళ్లు వెళ్లిపోతే సరిగ్గా ఎదురు. అంటే మధ్యాహ్నం కిందికి దిగి నన్ను సంతోషపెట్టిన గీతలో ఎంత భాగం ఎదుగుదలో, ఎంత భాగం ఖాళీ అయిన ఇళ్లో?

రెండు గ్రాఫులూ దాచుకున్నాను. రేపు వలసల పట్టిక తెరవాలి.