దుబ్బ దిగేదాక ఆగని పందెం

నా చిన్నతనంలో మా మేనమామ పరకాల నుండి మేడారం జాతరకు జీపు నడిపేవాడు. అడవిలోని మట్టి బాట మీద ముందు బండి లేపిన దుబ్బలో ఏమీ కనబడకపోతే, ఆయన జీపును పక్కకు తీసి ఇంజను ఆపేవాడు. మేము తొందరపెడితే, "దుబ్బ దిగేదాక ఆగుండ్రి. ముందటి బండి కనవడకుంటే మనకు తొవ్వ లేనట్టే" అనేవాడు.

తొలినాటి కారు పందేల గురించి చదువుతున్నప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తుకు వస్తుంది. 1903 మే 24న మొదలైన పారిస్–మాడ్రిడ్ పందెంలో ప్రాణాలు తీసినది వేగం ఒక్కటే కాదు, దారిని కప్పేసిన దుమ్ము కూడా. పారిస్ పక్కనున్న వెర్సాయ్ నుండి తెల్లవారకముందే, రెండు వందలకు పైగా వాహనాలు కొద్దిపాటి ఎడంతో ఒకదాని వెనుక ఒకటి బయలుదేరాయి. తారు లేని ఆ రోడ్ల మీద వెనుక బయలుదేరిన వేగమైన కారు, ముందున్న ప్రతి కారునూ దాని దుమ్ములోకి దూరి దాటవలసిందే. దారి కనబడక కొందరు రోడ్డు పక్కన ఉన్న చెట్ల కొనలను చూసుకుంటూ నడిపారని చెబుతారు. అయితే చెట్ల వరుస ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలియవచ్చునేమో గాని, ఆ చెట్ల కింద ఎవరు నిలబడి ఉన్నారో తెలియదు. దారి పొడవునా లక్షలాది జనం, ఏ అడ్డుకట్టా లేకుండా, కార్లు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రమే పక్కకు జరుగుతూ చూశారు.

రెనో కార్ల కంపెనీని స్థాపించిన అన్నదమ్ములలో ఒకడైన మార్సెల్ రెనో ఇంకొక కారును దాటబోతూ, ఆ దుమ్ములో మలుపును గుర్తించలేక ప్రమాదానికి గురై, తరువాత మరణించాడు. అతని తమ్ముడు లూయీ అదే పందెంలో ముందుగా, దారి మధ్యలో ఉన్న ఫ్రాన్సు నగరం బోర్డోకు చేరుకుని, అన్న సంగతి అక్కడే విన్నాడు. ఆ తరువాత అతడు పందేలలో కారు నడపలేదు. నడిపేవారు, పక్కన కూర్చున్న మెకానిక్కులు, చూడవచ్చినవారు కలిపి కనీసం 8 మంది చనిపోవడంతో ఫ్రెంచి ప్రభుత్వం పందేన్ని బోర్డోలోనే ఆపించింది. కార్లను గుర్రాలతో రైల్వే స్టేషనుకు లాగించి, రైలులో వెనక్కి పంపారు. మోర్స్ కారులో అక్కడికి అతి తక్కువ సమయంలో చేరిన ఫెర్నాన్ గాబ్రియేల్ సగటు వేగం గంటకు సుమారు 105 కిలోమీటర్లు. దుమ్ములో, అప్పటి బ్రేకులతో అంత వేగాన్ని తలచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

పందేలను వాటి కోసమే వేసిన బాటల మీదికి మార్చినంత మాత్రాన ముప్పు తీరలేదు. 1909 ఆగస్టులో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో కంకరా తారూ కలిపి వేసిన బాట పందేల మధ్యలోనే చెదిరిపోయింది, 5 మంది చనిపోయారు. అప్పుడు యజమానులు దాదాపు 32 లక్షల ఇటుకలు పరిపించారు. తలకు గుడ్డ టోపీ, నడుముకు ఏ పట్టీ లేని ఆనాటి నడిపేవారిని నేను తప్పుపట్టలేను. కారు బోల్తాపడి మంట లేస్తే అందులో ఇరుక్కుపోవడం కంటే బయటికి ఎగిరిపడటమే మేలని చాలామంది నమ్మారు, ఆ ఇంధన ట్యాంకులను చూస్తే ఆ భయం సహజమే. ఫార్ములా వన్‌లో హెల్మెట్ 1952లో, సీటు బెల్టు 1972లో తప్పనిసరి అయ్యాయి.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ అనే విద్యుత్తు కార్ల పందేనికి నా మేనల్లుణ్ణి కాజీపేట నుండి రైలులో తీసుకువెళ్ళాను. కాంక్రీటు గోడ, దాని మీద ఇనుప కంచె అడ్డువచ్చి ఫోటోలు సరిగా రావడం లేదని వాడు చిన్నబుచ్చుకున్నాడు. చెట్ల కింద నిలబడిన ఆ ఫ్రెంచి పల్లెజనం గురించి చెప్పాను. వాడు కాసేపు ఫోను దించి, కంచె వైపు చూస్తూ, "మామా, వాళ్ళకు కారు వస్తున్నట్టు ఎట్ల తెలిసేది?" అని అడిగాడు. చప్పుడును బట్టి, అని చెప్పాను.